చక్కగా పనిచేస్తోంది

శనివారం అందరూ కలిసి రాసిన జాబితా సోమవారం పొద్దునకి మారిపోయింది.

బడిలో ఉన్న మూడు డిజిటల్ బోర్డులకూ ఎదురుగా ‘పనిచేయడం లేదు’ అని ఉంది. రాత రాజశ్రీ టీచర్‌దే.

కాణిపాకం బస్సులు ఆగకుండా వెళ్లిపోయే ఊరు అది. హైస్కూల్లో అంతా కలిపి ఎనభై ఒక్కమంది పిల్లలు. ఏ తరగతిలో ఏ పరికరం ఉందో, ఏది కావాలో రాసి పంపమని పై నుంచి కాగితం వస్తే, హెడ్మాస్టరు ఆ పని రాజశ్రీకి అప్పగించాడు. ఆమె స్టాఫ్ రూములో కూర్చుని నింపెయ్యలేదు. వారం పాటు టీచర్లను ఒకరి క్లాసులో ఒకరిని వెనక బెంచీ మీద కూర్చోబెట్టింది. మొదట విసుక్కున్నారు. తర్వాత భోజనం దగ్గర కూడా అవే మాటలు.

ముకుందం సార్ ఆరో తరగతిలో అందరూ చూసింది మోక్షితను. ఆ పిల్లకు వినపడదు. సార్ మాట్లాడుతుంటే మాటలు బోర్డు మీద అక్షరాలై పడతాయి. ఇదివరకు సార్ నవ్విస్తే, పక్కపిల్ల నవ్వాక నవ్వేది. ఇప్పుడు అందరితో పాటే నవ్వుతోంది.

‘ఈ గదిలో ఏది లేకపోయినా బోర్డు ఉండాలి’ అని ఆ రోజు రాజశ్రీ తన పుస్తకంలో రాసుకుంది.

సోమవారం సంతకాలకు వచ్చినప్పుడు సైన్సు మునిచంద్ర కాగితం చూసి నవ్వాడు.

“బాగుండేవి మూలబడినాయని రాసి కొత్తవి కొట్టేద్దామనా మేడమ్? మీ ఆయన ఈ జాబితా పొయ్యే ఆఫీసులోనే ఉండాడు గదా, మీకు తెలీని కిటుకా!”

రాజశ్రీ కాగితం అతని ముందుకు జరిపింది. ఆమె ముఖం పీక్కుపోయి ఉంది. అతను సంతకం గీకేశాడు.

ముకుందం సార్ పెన్ను మూత తీయలేదు.

“ఏందమ్మా ఇది? నా బోర్డుకు ఏం రోగం?”

“అడగొద్దండి సార్. సంతకం పెట్టండి.”

“మొన్న నువ్వే గదా, పనిచేస్తా ఉండాదని రాసినావు?”

“రాసినాను. తప్పయిపోయింది.”

“యాడుండాది తప్పు? అప్పుడా, ఇప్పుడా?”

“మోక్షిత కోసమన్నా పెట్టండి సార్.”

ఆయనకు కోపం వచ్చింది.

“ఆ బిడ్డ పేరు చెప్పి నాతో అబద్ధమాడిస్తావా? ముప్పై ఏండ్లు పిల్లోళ్లకు నిజం చెప్పండని చెప్పి, ఇప్పుడు కొత్తదానికి ఆశపడి దొంగరాత రాసేదా? నా వల్ల కాదు తల్లీ.”

“అది కాదు సార్...” అని ఆమె ఆగిపోయింది. గుమ్మంలో హెడ్మాస్టరు నిలబడి ఉన్నాడు.

ముకుందం సార్ తన ఆరో తరగతి బోర్డుకు ఎదురుగా ఉన్న ఆమె రాతను కొట్టేసి, పక్కన గుండ్రటి అక్షరాలతో ‘చక్కగా పనిచేస్తోంది’ అని రాశాడు. కింద సంతకం, తేదీ.

రాజశ్రీ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. పోనీలే, సిగ్గుపడింది, అనుకున్నాడాయన.

కాగితం ఆ మధ్యాహ్నమే పైకి వెళ్లింది.

గురువారం వ్యానులో వచ్చిన మనుషులు, పిల్లలు తక్కువున్న బళ్లలో పనిచేస్తున్న బోర్డులను పెద్ద బళ్లకు తరలించమన్న ఉత్తర్వు చూపించి, జాబితా ప్రకారం ఆరో తరగతిది ఒక్కటే విప్పి పట్టుకెళ్లారు.