పక్క మంచం మనిషి

“మీ జోడీ ఎవరు?” అన్నాడు గుమాస్తా, తలెత్తకుండానే.

“జోడీ ఏంటి? తాగింది నేనొక్కణ్ణే,” అన్నాడు సార్జెంటు.

తాగుడు మాన్పించే ఆ కేంద్రంలో పద్ధతే అంత. ఇద్దరిద్దరుగా చేరాలి. పక్కపక్క మంచాలు, ఒకే పని, ఒకే లెక్క. వంద రోజులు నిండాలి. మధ్యలో ఏ ఒక్కరు తాగినా ఇద్దరూ మళ్ళీ ఒకటో రోజు నుంచి మొదలుపెట్టాలి.

“జోడీ దొరికాక రండి.”

సార్జెంటు గోనెసంచి భుజాన వేసుకున్నాడు. ఆయన ఆస్తంతా అందులోనే ఉంది. పద్దెనిమిదేళ్ళు సైన్యంలో గడిచాయి, ఆరేళ్ళు వంతెన కింద. కూతురి పెళ్ళి కూడా ఆయన అక్కడ పడి ఉన్నప్పుడే జరిగిపోయింది. మొన్న ధైర్యం చేసి ఫోన్ చేస్తే ఆ పిల్ల ఒకే మాట అంది. “వంద రోజులు ముట్టకుండా ఉండి చూపించు నాన్నా. అప్పుడు మా గుమ్మం ఎక్కు.”

సోమవారం ఈ కేంద్రంలో చేరతానని కూతురికి మాటిచ్చాడు. ఇవాళే సోమవారం. బయటికి నడిస్తే కాళ్ళు తనను ఏ దుకాణానికి తీసుకెళ్తాయో ఆయనకు బాగా తెలుసు.

“నేనున్నానండీ.”

వెనక బల్ల మీద నుంచి ఒక బక్కపలచటి మనిషి లేచాడు. ఇస్త్రీ చొక్కా, కళ్ళజోడు.

“నువ్వూ తాగుతావా?”

ఆ మనిషి కళ్ళజోడు సర్దుకున్నాడు. “బాగా.”

గుమాస్తా ఇద్దరినీ రాసేసుకున్నాడు.

మొదటి వారం సార్జెంటుకు నరకం కనిపించింది. ఒళ్ళంతా వణుకు, వాంతులు, పీడకలలు. బక్కాయన బకెట్టు పట్టుకుని పక్కనే నిలబడేవాడు. పాడైన దుప్పట్లు తనే ఉతికి ఆరేసేవాడు.

“ఒరేయ్ బక్కోడా, నీకు వణుకు రాదేంట్రా?”

“నాది లోపలి రకమండీ.”

“ఇంతకీ ఏం తాగేవాడివి?”

“అదే... ఎర్రగా ఉంటుంది చూడండి, అది.”

తాగుబోతుల్లో కూడా ఇంత అమాయకుడు ఉంటాడని సార్జెంటు అనుకోలేదు. ఒంట్లో కాస్త సత్తువ రాగానే, కొత్త సిపాయిని తోమినట్టు తోమడం మొదలుపెట్టాడు. దుప్పటి మీద ముడత కనిపిస్తే మళ్ళీ పరిపించేవాడు. కుర్చీలకు వైరు అల్లే పనిలో వేళ్ళు బొబ్బలెక్కితే “అబ్బో, ఏం సుకుమారం!” అని వెక్కిరించేవాడు. బక్కాయన నవ్వేసి ఊరుకునేవాడు.

“పెళ్ళాం ఉందా నీకు?”

“ఉందండీ.”

“ఏమంటుంది?”

“తొందరగా వచ్చెయ్యమంటుంది.”

“పెట్టి పుట్టావురా. మా అమ్మాయైతే...” సార్జెంటు మళ్ళీ వైరు అల్లడంలో పడ్డాడు.

బక్కాయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

ఇరవై మూడో రోజు, పన్ను పీకించుకొస్తానని బయటికెళ్ళిన సార్జెంటు తూలుతూ తిరిగొచ్చాడు.

మర్నాడు పొద్దున హాల్లో అందరూ చూస్తుండగా బక్కాయన నల్లబల్ల దగ్గరికి వెళ్ళాడు. తమ జోడీకి ఎదురుగా ఉన్న ఇరవై మూడును తుడిచి, ఒకటి వేశాడు. వచ్చి తన మంచం మీద దుప్పటి ముడత లేకుండా పరుచుకున్నాడు.

సార్జెంటు తల దించుకున్నాడు. “తిట్టవేంరా?”

“తిడితే పోయిన రోజులు తిరిగొస్తాయా? పదండి, ఆరు కుర్చీలు అల్లాలి.”

“నీ పెళ్ళాం ఎదురుచూస్తోంది కదరా! నా మానాన నన్ను వదిలేసి పో!”

“జోడీని వదిలేసి ఎలా పోతానండీ?”

సార్జెంటు మంచం మీద కూలబడ్డాడు. సైన్యంలో ఆయనకూ ఒక జోడీ ఉండేవాడు. వెనక్కి రమ్మని ఆర్డరొచ్చినప్పుడు, తూటా దెబ్బ తిన్న అతణ్ణి వాగు అవతలే వదిలేసి వచ్చాడు. వెనక నుంచి పిలిచిన ఆ పిలుపు వినపడకుండా ఉండటానికే ఇన్నేళ్ళూ తాగాడు. పెళ్ళానికీ కూతురికీ చెప్పని ఆ సంగతి బక్కాయనకు చెప్పి, భోరుమని ఏడ్చాడు.

యుద్ధంలో ఆయన ఎందరో ధైర్యవంతుల్ని చూశాడు. పోగొట్టుకున్న రోజుల్ని నోరెత్తకుండా తన చేత్తోనే తుడిచేసిన మనిషిని మాత్రం ఎక్కడా చూడలేదు. వీడికున్న గుండె నాకుంటేనా అనిపించింది.

ఆ తర్వాత సార్జెంటు చుక్క ముట్టలేదు.

నల్లబల్ల మీద వంద పడిన రోజు పొద్దున్నే బక్కాయన సంచి సర్దుకున్నాడు.

“నేను ముందు బయలుదేరతానండీ. ఇంట్లో కాస్త పనుంది.”

“సరే పో. మళ్ళీ తాగావని తెలిసిందో, కాళ్ళు విరగ్గొడతా!”

“అలాగేనండీ,” అని నవ్వుతూ గేటు దాటేశాడు.

అడ్రసైనా అడగలేదని సార్జెంటుకు అప్పుడు గుర్తొచ్చింది. పరుగున వెళ్ళి చూస్తే వీధి ఖాళీగా ఉంది. నాలుగు నెలలు చాకిరీ చేయించుకుని, ఒక్క మంచిమాటైనా చెప్పకుండా పంపేశానే అని మనసు చివుక్కుమంది.

మధ్యాహ్నానికి కూతురి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి బెల్లు కొట్టాడు.

తలుపు తీసిన కూతురు క్షణం సేపు ఆయన మొహంలోకి చూసింది. “నాన్నా!” అంది.

సార్జెంటు గుమ్మం అవతలే నిలబడి మెల్లగా అడిగాడు. “నేను రావడం అల్లుడుగారికి ఇష్టమేనా అమ్మా? ఆయనకి నా మొహం ఎలా చూపించను?”

“ఆయన్నే అడుగు,” అంటూ కూతురు పక్కకి తప్పుకుంది.

తల తుడుచుకుంటూ లోపలి నుంచి వచ్చిన మనిషి “రండి మామయ్యా” అని గోనెసంచి అందుకున్నాడు.

“ఒరే బక్కో...” అనబోయి సార్జెంటు నాలిక్కరుచుకున్నాడు.

“నువ్వు మాట ప్రకారం చేరతావో లేదో దూరం నుంచి చూసి రమ్మని పంపాను నాన్నా,” అంది కూతురు కళ్ళొత్తుకుంటూ. “జన్మలో చుక్క ముట్టని మనిషి, నాలుగు నెలలకి ఇంటికొచ్చారు.”