రాజమ్మ వేలు

...అయినా పేరుదేముంది, పిలిస్తే పలకడానికే కదా, అనుకుంది విజయ.

పెళ్లయిన కొత్తలోనే భర్త అంబాదాస్ ఒక బీడీ కార్మికుల కార్డు తెచ్చి చేతిలో పెట్టాడు. చచ్చిపోయిన మొదటి పెళ్లాం రాజమ్మదట.

"కొత్త కార్డులు ఇస్తలేరు. ఈ పేరు మీదనే చెయ్యి," అన్నాడు.

అప్పటినుంచి భవాని పేట్‌లోని ఇంట్లో ఆమె విజయ, చుట్టిన బీడీలు అప్పజెప్పే బ్రాంచిలో రాజమ్మ. కలలో ఎవరైనా రాజమ్మా అన్నా పలికేది. పలికింది ఎవరో మెలకువ వచ్చాక తెలిసేది కాదు.

"రాజమ్మా!" గుమాస్తా మంగేశ్ పిలిచాడు.

విజయ లేచింది.

బ్రాంచి మెట్టుమీద కూర్చున్న ముసలామె కూడా లేచింది.

గంపలతో వరుసలో ఉన్న ఆడవాళ్లు పకపకా నవ్వారు.

"మళ్ల లేసింది సూడు! అవ్వా, నీకు గంప లేదు, కార్డు లేదు. నిన్నెవరు పిలుస్తరే?"

ముసలామె కూర్చుంది. ఎండాకాలంలో ఎక్కడినుంచో వచ్చి ఆ మెట్టు పట్టుకుంది. ఎవరన్నా చాయ్ పోస్తే తాగుతుంది. విజయను మాత్రం రెప్ప వేయకుండా చూస్తుంది. ఆ చూపు తన వీపులోంచి ఇంకెవరినో చూస్తున్నట్టుంటుంది విజయకు.

మంగేశ్ విజయ బొటనవేలికి సిరా పూసి పింఛన్ కాగితం మీద అద్దించాడు. కార్డు మీది ముద్రతో పోల్చి తల అడ్డంగా ఊపాడు.

"అంగఠా కలుస్తలేదక్కా."

"బీడీలు చుట్టి చుట్టి గీతలు అరిగినయి సారూ. జెర సూడుండ్రి."

"అరుగుడు వేరే, ఇది వేరే. సోమవారం ఇంకోపారి సూస్త. అప్పుడు గూడ కలవకుంటే పింఛన్ లేదు, సమజైందా?"

విజయ తన బొటనవేలిని చూసుకుంది. మెడలు పట్టేసేదాకా చుట్టిన ఇన్నేళ్ల బీడీలు ఎవరు చుట్టినట్టు?

"నా ఏలు పెట్టి సూడరాదు, చెల్లె?"

ముసలామె. పక్కనే నిలబడి ఉంది.

ఈసారి మంగేశ్ కూడా నవ్వాడు.

"నీ ఏలుతోని నాకేం పని? దూరం జరుగు!" విజయ ఆమె భుజం పట్టి నెట్టింది.

ముసలామె బొటనవేలిని పిడికిట్లో దాచుకుని మెట్టుమీదికి వెళ్లిపోయింది.

సోమవారం పొద్దున కోడలు శీతల్ బయటినుంచి కబురు తెచ్చింది.

"అత్తమ్మా, బ్రాంచి కాడి అవ్వ పోయిందట. ఎవరూ లేరని మున్సిపాలిటోళ్లే నిన్న కాలవెట్టిండ్రట."

భాకరి రొట్టె తింటున్న అంబాదాస్ తలెత్తాడు.

"ఏ అవ్వ?"

"గదే మామయ్యా, రాజమ్మా అని పిలిస్తే లేస్తుండె."

అంబాదాస్ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. కంచం వదిలి లేచాడు. వాకిట్లో తొట్టి దగ్గరికి పోయి, కట్టుబట్టలతోనే తలమీద నీళ్లు గుమ్మరించుకున్నాడు.

"ఏందయ్యా ఇది?" విజయ వెంట వచ్చింది. "ఎవరో సస్తే నువ్వు తలకు పోసుకుంటున్నవు? మనకేమన్న సుట్టమా?"

అతను ఇంకో చెంబు ముంచుకున్నాడు.

"రాజమ్మ సచ్చిపోయిందని నాతోని చెప్తివి గదా..."

అతని గడ్డం మీదినుంచి నీళ్లు కారుతున్నాయి.

విజయ అతని చేతిలోంచి చెంబు తీసుకుంది. తన బొటనవేలికి అంటిన సిరా ఇంకా పోనేలేదు. ఆ చేత్తోనే అసలు రాజమ్మ కోసం తన తలమీద నీళ్లు పోసుకుంది.