నలభై నిమిషాల ప్రశ్న

“దొరికాడా ఆ ఘనుడు?” అంటూ సూపరింటెండెంటు గర్జించాడు. ఆసుపత్రి కంప్యూటర్లన్నీ మొరాయించి, టోకెన్లు రాక హాలంతా జనంతో కిటకిటలాడుతోంది. అయినా అక్కణ్ణుంచి నవ్వులు వినబడుతుంటే ఆయనకు ఒళ్ళు మండిపోతోంది.

డేటాబేసు చూసుకునే అమ్మాయి తన ముందున్న తెర వైపు చూసింది. డేటాబేసును అడిగిన ఏ ప్రశ్నయినా నిమిషం దాటి నడిస్తే చాలు, కొత్త సాఫ్ట్‌వేరు దాన్ని పట్టుకుని, అడిగినవాళ్ళ హోదాతో సహా ఎర్రగా చూపిస్తుంది.

“ఒకటే ఉంది సార్. నలభై నిమిషాలుగా నడుస్తోంది. మిగతావన్నీ దాని వెనకే ఆగిపోయాయి. గుట్టుచప్పుడు కాకుండా ఆపేస్తాను.”

“కుదరదు! ఎవడో గట్టిగా చదువు.”

“మీరే చూడండి సార్.”

ఆయన కళ్ళజోడు సవరించుకుని తెర మీదికి వంగాడు.

‘సూపరింటెండెంటు: ఇరవయ్యేళ్ళలో ఎవరెవరు, ఏయే రోజు, ఎన్ని నిమిషాలు ఆలస్యంగా వచ్చారు?’

పొద్దున తనే అడిగి, కాఫీకి వెళ్ళి, ఆ సంగతే మర్చిపోయాడు.

“ఆపెయ్యి తల్లీ,” అన్నాడు నీళ్ళు నములుతూ. “ఇది మనిద్దరి మధ్యే ఉండనీ.”

“నేనెవరికీ చెప్పను సార్. కానీ నలుగురిలో పరువు పోతే గానీ బుద్ధి రాదని, ఈ తెరను హాల్లో టీవీకి కలిపించింది మీరే కదా!”