ఖాళీ గిన్నెలు

నిన్న రాతికి అంటుకుని ఉన్న గుడ్లు పొద్దున్నకి లేవు.

చూపు సరిగా ఆనని ఖొదామొరాద్ మడుగులో చెయ్యి పెట్టి తడిమాడు. రాతి అడుగున కొన్ని తగిలాయి. అంతే. అవి నీటిబల్లుల గుడ్లు. నల్లటి ఒళ్ళు, తెల్ల మచ్చలు, వీపున నారింజ చార ఉండే ఆ నీటిబల్లులు ఈ జాగ్రోస్ కొండల్లో తప్ప లోకంలో ఇంకెక్కడా లేవు. వాటికి ఆయనే కాపలా.

"కాపలావాడే అమ్ముకుంటుంటే ఇంకేం మిగుల్తాయి?" అని ఊళ్ళో రొట్టెల పొయ్యి దగ్గర పొరుగావిడ నొస్రత్ అందట.

"నువ్వూ నమ్మావా?" మనవరాల్ని అడిగాడు.

"ఆవిడ తన కోడి పెట్టే గుడ్డునే నమ్మదు తాతా," అంది గోల్‌నార్.

తాత తడి చెయ్యి దులుపుకుని లేచాడు.

ఆ రోజు వసంతంతో మొదలయ్యే కొత్త సంవత్సరంలో పదమూడో రోజు. ఎవరూ ఇంట్లో ఉండకూడదని ఆనవాయితీ. పట్నం కార్లన్నీ కొండ కింద ఆగాయి. ఓక్ చెట్ల నిండా కబాబుల పొగ. జనం మడుగు దాకా ఎక్కుతున్నారు, దిగుతున్నారు. తాత బాటకి అడ్డంగా కూర్చున్నాడు. కిందికి దిగేవాళ్ళెవరైనా సంచీ విప్పాల్సిందే.

"మేం దొంగల్లా ఉన్నామా పెద్దాయనా?" కళ్ళద్దాలావిడ గయ్యిమంది.

"దొంగలు మొహాన రాసుకుని తిరగరమ్మా. ఆ గాజు గిన్నె ఇటివ్వు."

వేళ్ళతో లోపలంతా తడిమాడు. తడిగా ఉంది. ఖాళీ.

"దొరికిందా నీ బల్లి?"

ఆమె వెనక మరో గిన్నె. దాని వెనక ఇంకోటి. అన్నీ ఖాళీవే.

మధ్యలో గోల్‌నార్ కూడా పైకి వెళ్ళి వచ్చింది. ఆమె చేతిలోనూ గిన్నె. తాత చెయ్యి చాపాడు.

"నన్ను కూడానా?"

"రేపు ఊరు అడిగితే చెప్పాలి కదే."

మూతి ముడుచుకుని ఇచ్చింది. ఖాళీ.

పొద్దు వాలింది. ఆఖరి కారు కూడా వెళ్ళిపోయింది.

"ఒక్కటంటే ఒక్కటి కూడా కొండ దిగలేదు తాతా. ఇక నొస్రత్ నోరు మూసుకుంటుందిలే."

ఖొదామొరాద్ చాలా రోజుల తర్వాత గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

పైన మడుగులో, శుభమని కొత్త సంవత్సరానికి పండగ బల్ల మీద పెట్టుకుని, ఇవాళ ఆ గిన్నెల్లో తెచ్చి, హాయిగా బతకమని అందరూ చేతులారా వదిలిన ఎర్ర చేపలు, నిరుడు వదిలిన లావుపాటి చేపలతో కలిసి, రాతి అడుగున మిగిలిన గుడ్లను ఏరుకు తింటున్నాయి.