కిందోళ్ళ కూడు

“పాపం మీది. కూడు పెట్టేది మరిచిపోయినోళ్ళు మీరు. ఇప్పుడు నేల కొట్టుకుంటా ఉంటే నా మొగం చూస్తే ఏమొస్తాది?”

పాతినుము అంగడి దాసప్ప, గని కూలీల ఇళ్ళ లైన్లో ఆడవాళ్ళ మీద విరుచుకుపడ్డాడు. పొద్దున్నే చివరి వరస ఇళ్ళ ముందు జనం మూగారు. అందరికంటే ముందు తలొంచుకున్నది హనుమక్క. చప్పుడు వస్తున్నది ఆమె వంటింటి కిందనుంచే మరి.

టక్, టక్, టక్. ఆగుతుంది. మళ్ళీ టక్, టక్, టక్. ఇనుముతో బండను కొట్టినట్టు. బంగారు గనులు మూతపడి ఇరవై ఏళ్ళు దాటింది. దిగే పనీ లేదు, దించే యంత్రమూ లేదు. మరి కొట్టేది ఎవరు?

హనుమక్కకు అనుమానమే లేదు. ఆమె మొగుడు చిక్కవెంకటప్ప. గనిలో బండ పేలిన రోజు కిందనే ఉండిపోయాడు. శవం కూడా పైకి రాలేదు. పూడ్చడానికి ఏమీ లేక ఆమె అతని చెప్పులు పూడ్చింది. ఇన్నేళ్ళకు ఇప్పుడు ఏదో అడుగుతున్నాడు. అతనికి శాంతి లేదంటే ఆమెకు ముద్ద ఎట్లా దిగుతుంది?

చప్పుడు మొదట విన్నప్పుడు ఆమె చెయ్యి తానుగా రోకలి మీదికి పోయింది. అత్త అట్లా చేసేది. నేల ఎన్ని దెబ్బలు కొడితే రోకలితో అన్ని దెబ్బలు తిరిగి కొట్టాలనేది. కొట్టి ఊరకుండకూడదు, లైనంతా పరిగెత్తి చెప్పాలనేది. ఎందుకత్తా అంటే, మా అత్త చేసింది నేను చేస్తా ఉండాను అని కసిరేది. వాడుకల గతి ఇంతే. చేసేది మిగులుతుంది, ఎందుకు అనేది పోతుంది. ఆ పోయిన చోట నోరున్నవాడు వచ్చి తన కథ పెడతాడు.

దాసప్ప ఆమె చేతిలో రోకలి లాక్కున్నాడు.

“వద్దక్కా. చచ్చినోళ్ళకు జవాబు చెప్తే పైకొచ్చేస్తారు.”

తర్వాత అరుగు మీద కూర్చుని కథ ఎత్తుకున్నాడు. తెల్లదొరల కాలమంట. కరువుకు తాళలేక ఆంధ్ర పల్లెలనుంచి వచ్చి గనిలో దిగిన మొదటి గుంపంట. చచ్చినోళ్ళు ఆకలికి నేల తట్టినారంట. ఒక ముసలవ్వ రాగిముద్ద, ఉలవల చారు తీసుకుపోయి గుంత అంచున పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేసిందంట. అంతటితో చప్పుడు నిలిచిందంట. దానికి కిందోళ్ళ కూడు అని పేరంట. పెట్టేటప్పుడు తప్పెట్లు ఆగకుండా మోగాలంట. గుంత దగ్గర ఎవరూ చెవి ఒగ్గకూడదంట. ఒగ్గితే ఆ ఇంటి మగబిడ్డను కిందికి లాక్కుంటారంట.

అంతకుముందు ఆ కథ ఒక్కరూ వినలేదు. అయితేనేం, తెల్లదొర, కరువు, ముసలవ్వ ఉన్న కథను కాదనేదెవరు? మా అవ్వ కూడా చెప్తా ఉండె అని పక్కింటి చిన్నక్క తలూపింది. మధ్యాహ్నానికి లైన్లో అందరి అవ్వలూ చెప్పిన కథ అయిపోయింది.

హనుమక్క ఒక్క మాట అడిగింది. తండ్రికి కూడు పెట్టాల్సింది కొడుకు కదా, మునేష్ వచ్చేదాకా ఆగుదామని. మునేష్ దాసప్ప దగ్గరే పని. లోడుతో కృష్ణగిరి పోయినాడు, లారీ చెడిపోయి అక్కడే నిలిచినాడు అన్నాడు దాసప్ప. ఫోను కలవడం లేదంటే, ఆ ఘాట్ దగ్గర ఎవరిది కలుస్తాది అన్నాడు.

“వాడు వచ్చేదాకా ఆగితే నీ మొగుడు ఆగుతాడా? ఆ ఆకలికి కొడుకునే అడిగితే ఏం చేస్తావు?”

ఆ మాటతో ఆమె లేచి రాగిపిండి చాటలోకి తీసింది.

బియ్యం, బెల్లం, టెంకాయలు దాసప్పే ఆటోలో తెచ్చి దించాడు. బేతమంగళనుంచి తప్పెట్లవాళ్ళను పిలిపించాడు. ఇంత మంచి మనిషి ఉండాడా అని ముసలివాళ్ళు దండాలు పెట్టారు. గనిలోకి దిగే పాత గుంత చుట్టూ ఉన్న ముళ్ళకంచె దగ్గరికి ఆడవాళ్ళు కుండలు మోశారు. హనుమక్క ముద్దను ఆకులో పెట్టి, నెయ్యి పోసి, తిరిగి చూడకుండా వచ్చింది. తప్పెట్లు పగలంతా మోగాయి. వాయించేవాళ్ళు బీడీ కోసం ఆగినప్పుడు మాత్రం కిందనుంచి వినిపించేది. మొదట గట్టిగా, గబగబా. మర్నాటికి నిదానంగా.

“వింటివా వదినా,” అంది చిన్నక్క. “నోట్లో ముద్ద పడినాది. తినేవాడు తలుపు కొడతాడా ఏమి?”

అందరూ నవ్వారు. హనుమక్క కూడా నవ్వింది.

ఆ మర్నాడు చప్పుడు లేదు. ఆమె వంటింట్లో నేలకు చెవి ఆనించబోయి, దాసప్ప మాట గుర్తొచ్చి, కొడుకు మీద భయంతో లేచి కూర్చుంది. అట్లాగే కూర్చుని విన్నది. ఏమీ లేదు. నా మొగుడి కడుపు నిండింది అనుకుని ఏడ్చింది. కడుపారా అన్నం తిన్నది. మిగిలిన బెల్లపన్నం రెండు డబ్బాల్లో సర్దింది. ఒకటి దాసప్పకు. ఇంకోటి మునేష్‌కు, లారీలో ఎవరైనా అటు పోతే ఇచ్చి పంపమని చెప్పాలి.

అంగడి వెనక ఇనుము కుప్పల మధ్య దాసప్ప అటు తిరిగి ఫోన్లో మాట్లాడుతున్నాడు. పెద్దమనిషి మాటకు అడ్డం పోకూడదని ఆమె డబ్బాలు పట్టుకుని గేటు దగ్గరే నిలబడింది.

“రాగి తీగ కోసం మనం గుంతలో దించిన మునేష్‌గాడు కొట్టేది నిలిపేసినాడు, ఇంగ భయం లేదు, ఈ పొద్దే జేసీబీ తెచ్చి ఆ గుంత నోరు మన్నేసి మూసేయండి.”