నల్లచుక్కలు

మూత ఎవరు పెట్టారో తేలితే తప్ప ఆ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగేలా లేదు.

మూడు రోజులుగా ఇదే రభస. చెల్లెలు తను పెట్టలేదంటుంది. ఆమె మొగుడు ఆ సాయంత్రమంతా క్యాంటీన్‌లోనే ఉన్నానని, కావాలంటే సాక్షుల్ని తెస్తానని అంటాడు. అక్క సంగతి అడిగేదేముంది, ఆ పూట డ్యూటీలో ఉంది. ఇక మిగిలింది అమ్మ.

అక్క తెరిచి ఉన్న ఉప్పు డబ్బాకి మూత బిగించి, బ్యాగు భుజానికి తగిలించుకుంది.

చెల్లెలూ మొగుడూ కలిసి ఓ చిన్న క్యాంటీన్ నడుపుతారు. ఆ రోజు చెల్లెలు ఇంట్లో పెద్ద గిన్నెడు మాంసం కూర వండి, పొగలు పోవాలని మూత తీసి ఉంచి, క్యాంటీన్‌కి వెళ్లింది. కాస్త చల్లారాక వెడల్పాటి ట్రేల్లోకి సర్ది ఫ్రిజ్జులో పెట్టడం అమ్మ పని. వేడి కూరకి మూత పెట్టొద్దని అక్కే కాగితం మీద పెద్దక్షరాలతో రాసి వంటింటి గోడకి అంటించింది. అమ్మ వచ్చేసరికి గిన్నె మూసి ఉంది. కూతురే సర్దేసి ఖాళీ గిన్నె మూసిపెట్టిందనుకుంది. తెల్లారి చూస్తే గిన్నె నిండా కూర, లోపల ఇంకా గోరువెచ్చగా. చెల్లెలు హడావిడిలో పైపైన వేడిచేసి వడ్డించేసింది.

ఇరవై ముగ్గురు మంచం పట్టారు. వాళ్లలో ముసలి వాచ్‌మన్ ఒకాయన ఇంకా ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు.

తను చూసేసరికే మూత ఉందని మొదటిరోజు అమ్మ గట్టిగానే చెప్పింది. మూడో రోజుకి గొంతు దిగిపోయింది.

"మూత పడిన చప్పుడైతే పక్కగదిలోంచి విన్నానే. ఇంట్లో నేను తప్ప ఎవరున్నారు? నేనే పెట్టి ఉంటాలే."

అప్పట్నుంచీ ఓ మూల కూర్చుని కూతుళ్ల పుట్టినరోజులు వేళ్లమీద చెప్పుకుంటోంది. తప్పు పోతోందేమోనని మళ్లీ మొదటికొస్తోంది.

మతిమరుపు పెద్దవాళ్లని చూసుకునే చోటొకటి ఉందని, శనివారానికి గది ఖాళీ అవుతుందని అల్లుడు కనుక్కొచ్చాడు.

"కోపంతో కాదు వదినా. రేపు గ్యాసు కట్టెయ్యడం మర్చిపోతే?"

"ఆ గదికి గొళ్లెం లోపలుంటుందా బాబూ, బయటుంటుందా?" అనడిగింది అమ్మ.

అక్క పనిచేసేది తిండినీ నీళ్లనీ పరీక్షించే ల్యాబులో. ఇరవై రెండేళ్లుగా అదే బల్ల. అక్కడికొచ్చే సీసాలకి నంబర్లే తప్ప పేర్లుండవు. కానీ నాలుగో సీసాలో ఏటవాలుగా కోసిన క్యారెట్ ముక్క చూడగానే అది చెల్లెలి చేతి కూర అని తెలిసిపోయింది. అప్పుడే చెప్పి పక్కకి తప్పుకోవాల్సింది. తప్పుకోలేదు.

కొన్ని క్రిములు ఉడికించినా చావవు. గట్టి పెంకు కట్టుకుని నిద్రపోతాయి. గాలాడని వెచ్చటి చోటు దొరికిందా, లేచి లక్షలవుతాయి. వాటిని పట్టుకోడానికే ఆమె జెల్లీలా గడ్డకట్టే అగర్ కాచి ప్లేట్లలో పోస్తుంది. అవి ఉంటే అందులో నల్లచుక్కలు లేస్తాయి. ప్లేట్లని జాడీలో పెట్టి మూత మర బిగించాలి. ఏ కాస్త గాలి చొరబడినా ఏమీ పెరగదు.

మొదటిసారి ప్లేటు నిండా చుక్కలే. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది. ఇంకోసారి చేస్తానని పై అధికారిని అడిగింది. ఆమె మాట మీద నమ్మకం కొద్దీ ఆయన సరేనన్నాడు.

రెండోసారి జాడీ దగ్గర ఆమె చెయ్యి ఆగింది. మర ఒక్క చుట్టు వదులుగా ఉంటే చాలు. చుక్కలుండవు. కూరలో ఏం లేదంటే ఇక మూత ఊసు ఎవరెత్తుతారు? అమ్మ ఇంట్లోనే ఉంటుంది. ఈ ఒక్కసారికి, అనుకుంది. కళ్లు మూసుకుంది.

కళ్లు తెరిచేసరికి, ఇన్నేళ్ల అలవాటున చెయ్యి తనంతట తనే మర బిగించేసింది.

మర్నాడు జాడీ తెరిచింది. లెక్కపెట్టలేనన్ని నల్లచుక్కలు. స్టూలు లాక్కుని ఫలితం పుస్తకంలో రాసింది.

శుక్రవారం సాయంత్రం ఇంటికొచ్చేసరికి గుమ్మం పక్కన అమ్మ సంచీ సర్ది ఉంది. పైన ఓ కాగితం కుట్టి ఉంది. మర్చిపోతానేమోనని అమ్మ తన పేరూ, ఇద్దరు కూతుళ్ల ఫోన్ నంబర్లూ రాసుకుంది. ఒక్క అంకె కూడా తప్పు పోలేదు.

భోజనాల బల్ల దగ్గర అందరూ అక్క మొహంలోకే చూశారు.

"కూరలోనే ఉంది," అంది అక్క.

చెల్లెలు చేతుల్లో మొహం దాచుకుంది. అమ్మ మెల్లిగా తలూపింది.

"అనుకున్నదేగా. నన్ను పొద్దున్నే దింపిరా బాబూ."

అక్క లేచి వెళ్లి ఆ సంచీ తీసుకొచ్చి తన ఒళ్లో పెట్టుకుంది.

"అమ్మ ఎక్కడికీ వెళ్లదు," అంది, గొంతు పెంచకుండా. "రేపు రిపోర్టుతో పాటు ఇంకో కాగితం కూడా రాసిస్తున్నాను. ఆ సాయంత్రం మర్చిపోయిన కళ్లజోడు కోసం ఇంటికొచ్చి, తెరిచి ఉన్న ఆ గిన్నెకి అలవాటు కొద్దీ మూత పెట్టి వెళ్లింది నేనే."