పద్నాలుగు రోజుల నీళ్లు

ఆ ముసలాయన ఎవరినీ అడక్కుండానే కుళాయి కట్టేశాడు.

కొరిన్ చేతిలోని గొట్టం నాలుగు చుక్కలు రాల్చి ఆగిపోయింది.

"ఎవరండీ మీరు? మా కుళాయి మీద చెయ్యెందుకు వేశారు?"

"ఎల్డన్ అంటారమ్మా నన్ను. కోసిన మొగ్గల చుట్టూ ఆకు కత్తిరించే పనికొచ్చాను."

పక్క వరస మొక్కల్లోంచి తమ్ముడు గస్ పకపకా నవ్వాడు.

"ఇంకా కోతే కాలేదు, ఏం కత్తిరిస్తావు పెద్దాయనా? కావాలంటే నా జుట్టు కత్తిరించు."

"నీ జుట్టు ఇంకో వారం ఆగినా పాడవదు బాబూ. ఇవి ఆగవు."

ముసలాయన జేబులోంచి చిన్న భూతద్దం తీసి, దగ్గర్లోని గంజాయి మొగ్గ మీద పెట్టి వంగి చూశాడు.

"జిగురు పాలరంగు దాటి తేనెరంగులోకి తిరుగుతోంది. రేపు కోసెయ్యమ్మా."

"రేపా! ఇంకా ఎనిమిది రోజులు నీళ్లు పెట్టాలి."

హంబోల్ట్ కొండల్లో అది అందరూ చేసేదే. కోతకి ముందు పద్నాలుగు రోజులు ఎరువు మానేసి, మొక్క మొదలు దగ్గర పొంగి పారేదాకా వట్టి నీళ్లు పెడతారు. మొక్కలో ఉన్న ఎరువంతా కడుక్కుపోతుందనీ, పొగ గొంతులో మెత్తగా దిగుతుందనీ నమ్మకం. కొనేవాడు కూడా ధర కంటే ముందు అడిగే మాట, ఎన్ని రోజులు కడిగారని.

నాన్న పోయాక కొరిన్ గంజాయి సాగుకి ప్రభుత్వం ఇచ్చే లైసెన్సు తన పేరున తీసుకుని వేసిన మొదటి పంట ఇది. ఇది చేతికొస్తే కొండ మీది ఈ తోట నిలుస్తుంది. రాకపోతే క్రిస్మస్ లోపల గేటుకి అమ్మకం బోర్డు తగిలించాల్సిందే.

"మొక్కేమైనా చొక్కానా అమ్మా, ఉతికితే మరక పోవడానికి? ఆకులోకి ఎక్కింది మళ్లీ వేరులోంచి దిగదు."

"మరి పొగ ఘాటెందుకొస్తుంది?"

"తొందరపడి ఎండబెడితే వస్తుంది. చల్లటి చీకటి కొట్టంలో పన్నెండు రోజులు నిదానంగా ఆరనివ్వు, ఏ ఘాటూ ఉండదు. అటు సముద్రం వైపు చూడు, మబ్బు ఎలా దిగబడిందో. ఇంత తడి మీద వాన పడిందంటే మొగ్గ లోపల్నించి బూజు పట్టుకుంటుంది."

గస్ అక్క చెవి దగ్గరికొచ్చాడు గానీ గొంతు మాత్రం తగ్గించలేదు.

"ఈయన్ని ఎవరో పంపారే అక్కా. కడక్కుండా కోయించి, మన సరుకు గొంతు కోస్తుందని ఊరంతా చెప్పడానికి."

కొరిన్‌కీ ఆ అనుమానం అప్పుడే మొదలైంది.

"కొనేవాడు అడిగితే ఏం చెప్పమంటారు? అబద్ధమాడమంటారా?"

"నిజమే చెప్పు. కడగలేదని చెప్పి, ఒక్క దమ్ము పీల్చి చూడమను."

"మా నాన్న పాతికేళ్లు ఇలాగే పండించాడు. ఆయనకంటే మీకెక్కువ తెలుసా?"

ముసలాయన ఏదో చెప్పబోయాడు. అది మానేసి భూతద్దాన్ని చొక్కా అంచుకి తుడిచి జేబులో పెట్టుకున్నాడు.

"పోనీ, అంతా వద్దు. ఒక్క వరస కోసివ్వు. నేనే ఆరబెడతాను. కూలి కూడా వద్దు. తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి నువ్వే చూసుకో."

"ఒక్క మొగ్గ కూడా ఇవ్వను. ఇంక బయల్దేరండి."

"అలాగేనమ్మా," అన్నాడాయన. గేటు దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి తిరిగాడు. "పోనీ ఆ నీళ్లయినా ఆపు తల్లీ."

కొరిన్ ఆయన చూస్తుండగానే కుళాయి పూర్తిగా తిప్పింది.

నీళ్లు మొదలుపెట్టిన పదకొండో రోజున వాన పట్టుకుంది. రెండు రోజులు వదల్లేదు. వాన వెలిశాక పొగమంచు కొండమీద కూర్చుని మధ్యాహ్నం దాకా కదలలేదు.

పద్నాలుగో రోజు పొద్దున్నే కోత మొదలుపెట్టారు. మొగ్గలు పిడికిలంత లావున, పైకి ముద్దుగానే ఉన్నాయి. గస్ ఒకదాన్ని బొటనవేళ్లతో విరిచాడు. లోపల బూడిదరంగు నూగు.

ఇంకొకటి విరిచాడు. ఇంకో వరసకి వెళ్లి విరిచాడు. మధ్యాహ్నానికి విరవడం మానేశాడు.

"అక్కా, ఆ పెద్దాయన..." అని మొదలుపెట్టాడు.

కొరిన్ కత్తెర అక్కడే పడేసి, బురద బూట్లతోనే ట్రక్కెక్కి దిగువన ఎరువుల కొట్టుకి వెళ్లింది. గల్లాపెట్టె దగ్గర వెర్నా ఉంది. ఆ లోయలో ఆవిడకి తెలియని మనిషి లేడు.

"వెర్నా, ఎల్డన్ అని ఒక పెద్దాయన. ఆకు కత్తిరించే పని అడుగుతూ తిరుగుతుంటాడు. ఎక్కడ ఉంటాడు?"

"నీ దగ్గరికీ వచ్చాడా! నిన్ననే బస్సెక్కాడమ్మా, ఓరెగాన్‌లో కూతురి దగ్గరికి. మోకాళ్లు ఇంక కొండలెక్కనివ్వడం లేదు, వచ్చే ఏడు రాలేనన్నాడు."

"మళ్లీ రాడా?"

"రాడు. ఏం, ఆయన కూలి ఏమైనా ఉండిపోయిందా?"

"పనే ఇవ్వలేదు నేను. తిట్టి పంపేశాను."

"నువ్వొక్కదానివేనా, అందరూ తిట్టి పంపినవాళ్లే. పనికైతే కోతయ్యాక వస్తారు గానీ, కోతకి ముందు ఎవరొస్తారు చెప్పు? అడిగితే పనికనే అంటాడు. అసలు సంగతి చెప్పుకోడానికి సిగ్గు ఆయనకి."

"ఏం సంగతి?"

వెర్నా చేతిలోని ఎరువు సంచీ కింద పెట్టింది.

"ముప్పై ఏళ్ల కిందట ఈ కొట్టు వెనకాల మీ నాన్నతో సహా ఈ లోయలో అందర్నీ కూర్చోబెట్టి, పద్నాలుగు రోజులు కడగమని నేర్పింది ఆయనేనమ్మా. అది తప్పని తెలిసిన ఏడాది నించీ, కోతకి ముందు ఒక్కో తోటకీ నడిచెళ్లి ఆ మాట వెనక్కి తీసుకోవాలనే చూశాడు."